పదకొండూ నలభై ఆర్డరు

“ఆ ఆర్డరు సరిగ్గా ఎన్నింటికి వచ్చేదమ్మా?”

గడియారం ఈ ప్రశ్న అడగడం ఇది నాలుగోసారి. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే ఆయనకా పేరు స్థిరపడిపోయింది. ఫలానా చోట హత్య జరిగిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే, ఎవరు చేశారని అడగకుండా ఎన్నింటికని అడిగే మనిషికి ఇంకేం పేరు పెడతారు? ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక బోర్డు మీద అసలు పేరే రాయించాడు గానీ, దాన్ని ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు.

తన రెస్టారెంట్‌లోనే ఒక బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్న యజమానురాలు నాలుగోసారి కూడా విసుక్కోలేదు. గురువారం పదకొండూ నలభై అంది. నిమిషం అటూ ఇటూ. ఒక గిన్నె కూరగాయల సూపు, ఒక రొట్టె. పేరు రాయాల్సిన చోట ‘గురువారం’ అని మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబరు గడి ఖాళీ. రెస్టారెంట్ సొంత వెబ్‌సైట్ నుంచే వస్తుంది, యాప్ నుంచి ఒక్కసారైనా రాలేదు. నాలుగేళ్ళలో ఒక్క వారం తప్పని ఆ ఆర్డరు, మూడు వారాలుగా ఆగిపోయింది.

“ఈ టైము ఇంకెవరికి తెలుసు?”

“వండేది మాస్టర్ కాబట్టి ఆయనకి తెలుసు. ఇప్పుడు మీకు. మా ఆయనకి గురువారం అని తెలుసు గానీ గంటా నిమిషం చెప్పలేదు. పైకి చెబితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం సార్.”

ఆ ఆర్డరు పెట్టేది ఆమె అక్క. అలాగని ఎక్కడా రాసి లేదు, ఎవరూ చెప్పలేదు. అయినా ఆమెకి తెలుసు.

అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి పెట్టిన రెస్టారెంట్ ఇది. అక్క పొయ్యి దగ్గర, చెల్లెలు కౌంటర్ దగ్గర. వెబ్‌సైట్ కూడా అక్కే చేసింది. రెండు నెలల పాటు తీరిక దొరికినప్పుడల్లా కంప్యూటర్ ముందు కూర్చుని, తప్పులు చేసి, దిద్దుకుని, తన పద్ధతిలో తయారు చేసింది. అందులో ‘వండేవాళ్ళకి ఒక మాట’ అని ఒక గడి పెట్టింది. ఆర్డర్లు కౌంటర్‌కి పోవు, నేరుగా వంటింట్లో ప్రింటర్ మీద చీటీగా వస్తాయి. వండేవాళ్ళు చీటీ చదివి ప్రింటర్ పక్కన మీట నొక్కితే, అవతల ఆర్డరు పెట్టినవాళ్ళకి ‘చూశాం, వండుతున్నాం’ అని కనిపిస్తుంది. నొక్కేదాకా ‘ఇంకా చూడలేదు’ అనే ఉంటుంది. కౌంటర్‌కి కూడా ఒక కాపీ పంపరాదా అని చెల్లెలు అడిగితే, తినేవాళ్ళ మాట వినాల్సింది వండేవాళ్ళు గాని గల్లాపెట్టె కాదంది అక్క.

తర్వాత యాప్ వచ్చింది. తెచ్చింది చెల్లెలే. ఆర్డర్లు నాలుగింతలయ్యాయి. కానీ యాప్ తినేవాళ్ళ పేరు ఇవ్వదు, ఫోన్ నంబరు ఇవ్వదు. ఒక అంకె ఇస్తుందంతే. ఎవరు తింటున్నారో తెలియకుండా ఎంతకని వండనని అక్క పోరు పెట్టింది. ఒకరోజు చెల్లెలికి ఒళ్ళు మండి, నీకు కావాల్సింది వంట కాదు, పొగడ్తలని అనేసింది. మర్నాడు పొద్దున వంటింట్లో అక్క లేదు. ఏడాది గడిచాక, ఒక గురువారం పదకొండూ నలభైకి పాత ప్రింటర్ మీద ఒక చీటీ వచ్చింది. ‘సూపు బాగుంది. క్యారెట్ ముక్కలు ఇంకా చిన్నవి కొయ్యాలి’ అని ఉంది అందులో.

“తీసుకెళ్ళడానికి వారానికో కొత్త మనిషి బైకు మీద వచ్చేవాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నావని ఒక్కడినీ అడగలేదు. వెంటపడితే ఆ ఒక్క మాటా రాయడం మానేస్తుందేమోనని. వారానికి ఒక్క మాట చాలనుకున్నాను. చాలలేదు సార్. కానీ అదైనా ఉండేది. ఇవాళ పన్నెండింటికి కంపెనీ మనిషి అగ్రిమెంటు తెస్తున్నాడు. వెబ్‌సైట్ మూసేసి యాప్‌లోనే అమ్మితే కమీషన్ తగ్గిస్తారట. ఇవాళ కూడా రాకపోతే సంతకం పెట్టేస్తాను. ఉందో లేదో తెలియని మనిషి కోసం తలుపు తెరుచుకుని ఎన్నాళ్ళు కూర్చోను?”

గోడ మీద గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఆయన లేచాడు.

ముందుగా కౌంటర్‌లో ఉన్న భర్తను కదిలించాడు. మనిషి మెత్తన, లెక్క గట్టి. అగ్రిమెంటు వల్ల ఒరిగే లాభాలన్నీ అడక్కుండానే ఏకరువు పెట్టాడు. వెబ్‌సైట్ పట్టుకుని వేలాడటం తన భార్య మొండితనం తప్ప ఇంకేం కాదన్నాడు.

“గురువారం ఆర్డరు ఎన్నింటికొస్తుందో తెలుసా?”

“ఎప్పుడో మధ్యాహ్నం సార్. నేనెప్పుడూ పట్టించుకోలేదు.”

అబద్ధం కాదనిపించింది. వెబ్‌సైట్ గురించి ఈ మధ్య ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగేసరికి మాత్రం ఆయన నీళ్ళు నమిలాడు. చివరికి, ఇద్దరు పాత కస్టమర్లు చేశారని ఒప్పుకున్నాడు. ఆర్డరు పెడితే ‘ఇంకా చూడలేదు’ అనే ఉంటోందట. యాప్‌లో పెట్టుకోమని చెప్పాడు. మొదటి ఫోన్ వచ్చింది మూడు వారాల కిందటి బుధవారం, యాప్ వాళ్ళు వంటింట్లో కొత్త ప్రింటర్ బిగించిన మర్నాడు.

“ఆ మాట ఆవిడ చెవిన వేశారా?”

“చెబితే రిపేరు చేయిస్తుంది సార్.”

భర్త తల వంచుకున్నాడు.

“గురువారం కోసం బతికే మనిషితో కాపురం చేసి చూడండి, తెలుస్తుంది. మిగతా ఆరు రోజులూ పక్కన ఉన్నవాణ్ణి నేను. ఆ ఆర్డరు ఆగిపోతే ఇటు తిరిగి చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. ఇంకా అటే చూస్తోంది.”

ఈ ఆర్డరు సంగతి ఇంకెవరికైనా చెప్పారా అంటే, కంపెనీ మనిషికి చెప్పానన్నాడు. మీ ఆవిడ సంతకం ఎందుకు పెట్టడం లేదని అతను తవ్వి తవ్వి అడిగాడట. ఆ కంపెనీ మనిషి ఎలా ఉంటాడని అడగబోయి గడియారం ఆగిపోయాడు. ఎవరో ఆయనకి తెలుసు. రెండేళ్ళుగా ఆ కంపెనీ పేరు ఎక్కడ వినబడినా ఆయన మెడ దానంతటదే అటు తిరుగుతుంది.

వంటింట్లోకి అడుగుపెట్టేసరికి పదీ యాభై అయింది. మాస్టర్ వయసు మీద పడ్డా చేతి వేగం తగ్గని మనిషి. మాట్లాడుతూనే క్యారెట్లు కొస్తున్నాడు, ముక్కలు చాలా చిన్నవిగా. గోడ వారగా షెల్ఫ్ మీద రెండు ప్రింటర్లున్నాయి. కొత్తది నల్లగా నిగనిగలాడుతూ నిమిషానికో చీటీ కక్కుతోంది. పాతది రంగు వెలిసి ఒదిగి కూర్చుంది. గడియారం వంగి చూశాడు. తీగ ఊడలేదు. పచ్చ దీపం వెలుగుతోంది.

“అది పాడైపోయింది సార్. అప్పుడప్పుడూ ఊరికే ఖాళీ కాగితం వదులుతుంది, అంతే. ఎలాగూ తీసేసేదే కదా అని అమ్మగారికి చెప్పలేదు” అన్నాడు మాస్టర్.

“ఆ ఖాళీ కాగితాలేం చేస్తారు?”

మాస్టర్ కత్తితో గోడ వైపు చూపించాడు. మేకుకి చీటీలు గుచ్చి ఉన్నాయి. మర్నాటికి కావాల్సిన కూరగాయల జాబితాలు. మంచి కాగితం పారేయడం ఎందుకని వాటి మీదే రాసుకుంటున్నాడట. ప్రతి చీటీ పైన తేదీ వేయడం ఆయనకి అలవాటు. ఆ అలవాటుకి గడియారం మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

చీటీలన్నీ తీసి బల్ల మీద తేదీల వారీగా పరిచాడు. మొత్తం పదకొండు. ఎనిమిది వేలెడంత పొట్టివి. మూడు పొడుగువి. మొదటి పొడుగు చీటీ అరచేయంత, రెండోది జానెడు, మూడోది మూరకి కాస్త తక్కువ. ఆ మూడింటి మీద తేదీలు చూశాడు. మూడూ గురువారాలే.

“మాస్టర్, ప్రింటర్‌లో కాగితం చుట్ట మార్చేదెవరు?”

ఎప్పుడూ యజమానురాలే మార్చేది. కానీ కొత్త ప్రింటర్ బిగించిన మంగళవారం సాయంత్రం ఆమె లేనప్పుడు పాతదాంట్లో చుట్ట అయిపోయింది. ఆ పొద్దునే బిగించడానికి వచ్చినతను కొత్తదాంట్లో ఎలా పెట్టాలో చూపించి వెళ్ళాడు. మాస్టర్ అచ్చం అలాగే పాతదాంట్లోనూ పెట్టాడు.

గడియారం ఒక చీటీ తీసి, మాస్టర్ రాసిన వైపు గోటితో గట్టిగా గీశాడు. ఏమీ పడలేదు. తిరగేసి రెండో వైపు గీశాడు. నల్లటి గీత పడింది. ఈ కాగితానికి సిరా అక్కర్లేదు, వేడి తగిలితే నల్లబడుతుంది. కానీ ఒక్క వైపే. కొత్త ప్రింటర్‌కి ఆ వైపు పైకి ఉండాలి, పాతదానికి కిందికి. మూడు వారాలుగా పాత ప్రింటర్ తన పని తాను చేస్తూనే ఉంది, అక్షరం పడని వైపు.

మాస్టర్ చేతిలో కత్తి ఆగిపోయింది. “నేనా సార్ చేసింది?” అని మాత్రం అన్నాడు. తెలియక జరిగిందని గడియారం ఆయన భుజం తట్టాడు.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న యజమానురాలు వచ్చి ఆ మూడు చీటీలూ చేతిలోకి తీసుకుంది. పొడుగాటి మూడోదాన్ని వెలుతురుకి పట్టి చూసింది. బంగాళాదుంపలు, బీన్స్, క్యాబేజీ అని మాస్టర్ రాత తప్ప ఇంకేం లేదు. ఆమె దాన్ని వేలితో పై నుంచి కింది దాకా నిమిరింది.

“మామూలుగా ఒక్క ముక్క రాసేది సార్. ఇంత పొడుగ్గా ఏం రాసి ఉంటుంది?”

గడియారం ప్రింటర్ మూత తెరిచి చుట్ట తిరగేసి పెట్టాడు. పోయిన అక్షరాలు ఇక రావు. కానీ ఇవాళ గురువారం, ఇంకా పదకొండున్నర కాలేదు.

“అయితే కనిపెట్టేశారన్నమాట, గురువుగారూ.”

ఆ గొంతు వినగానే ఆయన మెడ దానంతటదే అటు తిరిగింది. వంటింటి గుమ్మంలో ఇస్త్రీ నిలబడి ఉన్నాడు. ఏ వేళ చూసినా నలగని చొక్కాలో ఉంటాడని గడియారమే పెట్టిన పేరు అది. ఎనిమిదేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. కొడుకు లేని లోటు తీరిందని ఆయన నలుగురికీ చెప్పుకునేవాడు. రెండేళ్ళ కిందట యాప్ కంపెనీ పిలిచి విచారణల విభాగం అప్పజెబితే వెళ్ళిపోయాడు. ఆఫీసులో అతని కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది. పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచేది గడియారమే. ఆ సంగతి పనిమనిషికి కూడా తెలియనివ్వడు.

“చిక్కిపోయావురా” అన్నాడు.

“మీరేం మారలేదు.” ఇస్త్రీ అగ్రిమెంటు కాగితాలు బల్ల మీద పెట్టి యజమానురాలి వైపు తిరిగాడు. మర్యాదగానే మాట్లాడాడు. ప్రింటర్ బాగుపడినా వెబ్‌సైట్ బాగుపడదన్నాడు. వారానికి పట్టుమని పది ఆర్డర్లు రాని దాని కోసం వందల ఆర్డర్లు తెచ్చే ఒప్పందం కాలదన్నుకోవడం వ్యాపారం అనిపించుకోదన్నాడు. కంపెనీ గడువు పన్నెండు వరకే.

“పదకొండూ నలభైకి వచ్చే ఒక్క సూపు కోసం ఇంత రెస్టారెంట్‌ని పణంగా పెడతారా మేడమ్?”

“ఎన్నింటికన్నావు?” గడియారం నెమ్మదిగా అడిగాడు.

ఇస్త్రీ నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైపోయింది.

“ఆ టైము ఆవిడకి తెలుసు, మాస్టర్‌కి తెలుసు, పొద్దుటి నుంచి నాకు తెలుసు. ఆవిడ భర్తకే తెలియదు. నీకెవరు చెప్పారు?”

సమాధానం మాస్టర్ నుంచి వచ్చింది. పోయిన గురువారం ఈయన వంటింట్లోకి వచ్చాడన్నాడు. కొత్త మెషీన్ ఎలా ఉందని అడుగుతూ పదకొండున్నర నుంచి ఇక్కడే నిలబడ్డాడు. పాతది పొడుగాటి కాగితం వదిలితే చించి, ఇదిగో మీ జాబితాలకి పనికొస్తుందని తన చేతికిచ్చింది కూడా ఈయనే.

యజమానురాలు మూరెడు చీటీని గుండెకి హత్తుకుని అతని వైపు చూసింది.

“ఖాళీ కాగితం ఎందుకొస్తుందో నీకు తెలుసు. ఈ గోరు గీత నీకు నేర్పింది నేనే కదరా” అన్నాడు గడియారం.

“తెలుసు. కాగితం తిప్పడం నా ఉద్యోగం కాదు, గురువుగారూ.”

“తిప్పకుండా చూడటమా నీ ఉద్యోగం?”

“అగ్రిమెంటు తీసుకురావడం నా ఉద్యోగం. మీ దగ్గర ఎనిమిదేళ్ళు నిజాలు కనిపెట్టాను. ఒక్కళ్ళ కన్నీళ్ళయినా ఆగాయా?” అతను గొంతు పెంచలేదు. “వెళ్తానన్న రోజు మీరొక్క మాట, ఉండరా అనలేదు.”

గడియారం దగ్గర ఆ మాట రెండేళ్ళుగా సిద్ధంగానే ఉంది. అయినా గోడ వైపు చూశాడు. పదకొండూ ముప్పై ఎనిమిది.

భర్త కూడా కౌంటర్ వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త ప్రింటర్ ఆగకుండా చీటీలు వదులుతూనే ఉంది, వాటిని ఎవరూ తీయలేదు. పదకొండూ నలభై అయింది. పాతది కదల్లేదు. నలభై రెండు. నలభై ఐదు. యజమానురాలు పచ్చ దీపం మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడింది. నాలుగేళ్ళూ ఈ నిమిషాల్లో ఆమె కౌంటర్ దగ్గర ఇలాగే నిలబడి ఉంటుందని, మాస్టర్ చీటీ తెస్తాడని వారం వారం వంటింటి తలుపు కేసి ఇలాగే చూసి ఉంటుందని గడియారానికి అర్థమైంది. ఆయనకి తన ఆఫీసులో కుర్చీ గుర్తొచ్చింది.

యాభై అయ్యాక ఆమె అగ్రిమెంటు వైపు నడిచింది. భర్త ఏదో చెప్పబోయాడు. ఆమె కలం అందుకుంది.

పదకొండూ యాభై రెండుకి పాత ప్రింటర్ గరగరమంది.

చీటీ బయటికి రావడం మొదలుపెట్టి ఎంతకీ ఆగలేదు. నల్లటి అక్షరాలు, వరస వెంట వరస. తెగి పడేలోపే ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. నాలుగు వరసలు చదివేసరికి కళ్ళు అలికినట్టయి, గడియారం చేతికిచ్చి పైకి చదవమంది.

“‘సూపు వద్దు. ఆర్డరు పెట్టకపోతే మాట రాయనివ్వదు కాబట్టి పెట్టాను. అలా చేసింది నేనే, నన్నే తిట్టుకోవాలి. చెల్లీ, నిన్న పొద్దున నీ మనిషినంటూ ఒకతను ఇంటికొచ్చాడు. ఇక ఆర్డర్లు పెట్టొద్దని నువ్వు చెప్పమన్నావన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. కానీ మూడు వారాలుగా ఇంకా చూడలేదనే ఉంటే, నమ్మక ఏం చేయను? ఈ ఇంటి అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు. నువ్వే వెతికించావేమో అనుకుని తలుపు తీసేటప్పుడు ఎంత సంతోషపడ్డానో. ఒంటిగంట బండికి వెళ్ళిపోతున్నాను. ఎక్కడికో రాయను. క్యారెట్లు ఈ మధ్య బాగా కోస్తున్నారు. ఆ మాట ముందే రాయాల్సింది.’”

చివరి వాక్యానికి మాస్టర్ అటు తిరిగిపోయాడు.

యజమానురాలు మీట నొక్కింది. అవతల ‘చూశాం’ అని కనబడి ఉంటుంది. అవతల చూసేవాళ్ళున్నారో, ఫోను సంచీలో వేసుకుని గడప దాటేశారో ఎవరికి తెలుసు? ఇంకోసారి నొక్కింది. మరోసారి నొక్కింది. ఇటు నుంచి మాట పంపే దారి అక్క ఆ వెబ్‌సైట్‌లో పెట్టనే లేదు.

గడియారం చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రతి గురువారం ఇక్కడి నుంచి పార్సిల్ మోసుకెళ్ళిన బైకులెవరివని అడిగాడు. అడుగుతుండగానే జవాబు ఆయనకే తట్టింది. పార్సిళ్ళు చేరవేసే బైకులు కూడా ఆ కంపెనీవే. ఎక్కడ ఎత్తారో, ఎక్కడ దించారో, నాలుగేళ్ళ వివరాలు ఇస్త్రీ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆ ఇంటికి నిన్న వెళ్ళింది అతనే.

“నన్ను లోపలికి పిలిచింది” అన్నాడు ఇస్త్రీ. “చెల్లెలు పంపిందా అని మూడుసార్లు అడిగింది. అవునన్నాను. తాగడానికేమైనా ఇమ్మంటావా బాబూ అంది.”

భర్త బల్ల మీద అగ్రిమెంటు తీసి నాలుగు మడతలు పెట్టి అతని చేతిలో పెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. “నువ్వు వెళ్ళు. మళ్ళీ చీటీ వస్తే మీట నొక్కడానికి నేనిక్కడే నిలబడతాను.”

ఆమె అతని మొహంలోకి చూసింది. మూడు వారాల్లో అదే మొదటిసారేమో. వెంటనే బయటికి పరుగెత్తింది.

“ఇక్కడి నుంచి ఆ ఇంటికి ఎంతసేపు?” గడియారం అడిగాడు.

“యాభై నిమిషాలు. రోడ్డు ఖాళీగా ఉంటే.”

“ఇప్పుడు పదకొండూ యాభై ఎనిమిది.”

ఇస్త్రీ జేబులో ఫోను మోగింది. పన్నెండు గడువు, కంపెనీ వాళ్ళే అయి ఉంటారు. ఫోను తీసి చూశాడు, గురువు వైపు చూశాడు. మోగుతూనే ఉంది.

“ఆ రోజు అడగలేదు, ఇవాళ అడుగుతున్నాను” అన్నాడు గడియారం. “దారి నీకొక్కడికే తెలుసు. మాతో రారా.”

ఫోను ఇంకా మోగుతుండగానే ఇస్త్రీ జేబులోంచి కారు తాళాలు తీశాడు. వాళ్ళు బయటికి వచ్చేసరికి యజమానురాలు ఏప్రాన్ కూడా విప్పకుండా అతని కారు ముందు తలుపు పట్టుకుని నిలబడి ఉంది, అది తెరిచేవాడి కోసం.